ఒంటరి ప్రయాణానికి ఇద్దరు సాక్షులు

మా కార్యాలయం పేరు చెబితే అనంతపురంలో ఆటోవాళ్ళకు కూడా తెలియదు. ఎత్తుపల్లాల రికార్డుల కార్యాలయం అంటారు. సముద్రమట్టానికి ఏ ఊరు ఎంత ఎత్తున ఉందో రాసి భద్రపరచడం మా పని. ఊళ్ళ ఎత్తు ఏటేటా మారదు కాబట్టి మాకు కాస్త తీరిక ఎక్కువ. ఆ తీరికను మేము ఏనాడూ దుర్వినియోగం చేయలేదు. ఉన్న పద్ధతులను ఇంకొంచెం పద్ధతిగా మార్చడానికే వాడుకున్నాం.

అందులో నేను సూపరింటెండెంటును. పేరు ఓబులేసు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఖాళీ గడి ఉన్న ఫారం ఒక్కటి కూడా నా టేబులు దాటి పోలేదు. ఇప్పుడు చెప్పబోయేదానికంతా మూలం నేనే కాబట్టి, ఇంకొకరి మీద నెపం వేయకుండా నేనే చెబుతున్నాను.

హేమావతి గారు మా సీనియర్ అసిస్టెంటు. పదకొండేళ్ళుగా నా ఎదురు టేబులు. యాభై ఏళ్ళు నిండాక కారు నేర్చుకుంది. నేర్పినవాడు మా ఆఫీసు జీపు డ్రైవరు ఫక్రుద్దీన్. పొద్దున్నే పాలిటెక్నిక్ మైదానంలో ఆవిడ కారును ముందుకీ వెనక్కీ నడుపుతుంటే వాకింగుకు వచ్చిన పెద్దమనుషులు నడక మానేసి గట్టున కూర్చుని చూసేవారు. ఆవిడ మాత్రం వాళ్ళను పట్టించుకోలేదు. ఆర్నెల్లకు లైసెన్సు తెచ్చుకుని, పాత చిన్న కారు ఒకటి కొనుక్కుని, నాలుగేళ్ళుగా అందులోనే ఆఫీసుకు వస్తోంది.

ఈ ఫిబ్రవరిలో ఆవిడ కుడి మోకాలు బాగా మొరాయించింది. మార్చి ఇరవై ఎనిమిదిన ఆపరేషను ఖాయం చేశారు. మళ్ళీ ఎన్నాళ్ళకు బ్రేకు తొక్కగలదో, అసలు తొక్కగలదో లేదో డాక్టరు గట్టిగా చెప్పలేదట. ఆవిడకు టెక్కలిలో కస్తూరి అని ఒక స్నేహితురాలు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇద్దరూ ట్రైనింగు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు. పదకొండేళ్ళుగా ఫోనులో మాటలే తప్ప మొహాలు చూసుకున్నది లేదు. కాళ్ళు తన మాట వింటుండగానే తన కారులో తానే నడుపుకుంటూ వెళ్ళి కస్తూరిని చూసి రావాలని ఆవిడ కోరిక.

"ఒక్కరేనా?" అని అడిగాను.

"ఒక్కదాన్నే సార్. రెండు దినాలు నన్నెవరూ మాట్లాడించకుండా బండి తోలల్లని ఉంది" అంది.

హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళాలంటే మాకు ఒక ఫారం ఉంది. అందులో ఏడో గడి 'వెళ్ళు మార్గము'. ఆ గడిలో అందరూ 'తగు మార్గమున' అని రాస్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, అలా రాస్తే పైన ఎవరూ ఏమీ అడగరు. తిరుపతికి వెళ్ళినవాడూ తగు మార్గమునే వెళ్ళాడు, గోవాకు వెళ్ళి తిరుపతి అని చెప్పినవాడూ తగు మార్గమునే వెళ్ళాడు. హేమావతి గారు మాత్రం ఇలా రాసింది: 'గుత్తి వరకు ఒకటే దారి. ఆ తర్వాత తాడిపత్రి, గిద్దలూరు మీదుగా నల్లమల దారిలో విజయవాడ చేరుకోవాలా, లేక కర్నూలు, హైదరాబాదు మీదుగా పెద్ద రోడ్డున చేరుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.'

నేను ఫారం వెనక్కి ఇచ్చాను. "తగు మార్గమున అని రాసేయమ్మా."

"ఏది తగునో నాకే తెలీదు కదా సార్. తెలీనిది ఎట్ల రాసేది?"

ఆవిడ వెటకారానికి అనలేదు. అందుకే నాకు ఇంకా గుచ్చుకుంది. సరే, నిజమే రాయాలంటే నిజానికి ఒక పద్ధతి ఉంటుంది కదా అని ఫారం మూలన 'ఏడవ గడి విషయమై పైవారి పరిశీలనార్థము' అని రాసి లోపలికి పంపాను. నేను చేసింది అంతే.

మా అసిస్టెంట్ డైరెక్టరు మార్కండేయులు గారు. ఇంట్లో ఏం మాట్లాడతారో తెలియదు గానీ ఆఫీసులో మాత్రం ఉత్తర్వులు చదివినట్టే మాట్లాడతారు. ఫారం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"ఓబులేసు గారూ, బాధ్యత గల ఉద్యోగిని గమ్యమును ఎరిగియు మార్గమును ఎరుగక సంచరించుట శాఖకు శోభనిచ్చునా?"

"ఇవ్వదు సార్."

"మార్గమనగా ఏమి? ఎత్తుపల్లముల వరుసయే కదా. రాష్ట్రములోని ఎత్తుపల్లములు ఎవరి పరిధిలోనివి?"

"మనవే సార్."

"మన ఎత్తుపల్లముల మీదుగా వెళ్ళుచూ, మన ఉద్యోగిని, ఏ దారి అనునది తనంతట తానే తేల్చుకొనుట!" అని ఆగి, గోడమీద పటం వైపు చాలాసేపు చూశారు. నలభై ఏళ్ళుగా ఎవరూ ఏమీ అడగని శాఖకు అధిపతిగా ఉండడం ఎంత కష్టమో ఆ చూపులో నాకు తెలిసింది. ఆ సాయంత్రానికే మార్గ నిర్ధారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు ఆయన. కన్వీనరు నేను. సాంకేతిక సభ్యుడు సుదర్శనం. ఇతను మా టెక్నికల్ అసిస్టెంటు. ఏడేళ్ళ క్రితం చేరాడు. స్టోరులో ఉన్న, ఎత్తులు కొలిచే లెవెలింగు పరికరం మీద దుమ్ము తుడవడం తప్ప దానితో పని చేసే అవకాశం ఇంతవరకూ రాలేదు.

సంఘం కూర్చోకముందే ఆఫీసంతా తలో సలహా ఇచ్చింది. కర్నూలు దారే మంచిదని క్యాషియరు అన్నాడు. అతని అత్తగారి ఊరు ఆ దారిలో ఉంది. తాడిపత్రి దారే మేలని టైపిస్టు అంది. ఆవిడ అత్తగారి ఊరు కర్నూలు దారిలో ఉంది. నల్లమలలో మలుపులు ఎక్కువని ఒకరు, హైదరాబాదు చుట్టూ బండ్లు ఎక్కువని ఒకరు, అసలు ఆడమనిషి అంత దూరం ఎందుకని ఇంకొకరు. ఎవరైనా ఎక్కడికైనా వెళ్తున్నారని తెలిస్తే దారి చెప్పకుండా ఉండడం మనవాళ్ళకు చేతకాదు.

ఫక్రుద్దీన్ ఒక్కడే జీపు అద్దం తుడుస్తూ రెండు ముక్కల్లో తేల్చేశాడు. "అడివిలో పొద్దుండగా దాటేటట్లుంటే తాడిపత్రి దావన పో మేడం. ఆలస్యమైతే కర్నూలు దావ పట్టు. పొద్దున లేచి ఆకాశం సూసుకోని పో. దీనికేముంది."

ఈ మాట మినిట్సులో రాయలేదు. డ్రైవరు పోస్టు అభిప్రాయం వెలిబుచ్చు కేడరులోకి రాదు.

మొదటి సమావేశానికి సుదర్శనం గ్రాఫు కాగితం తెచ్చాడు. కాగితం అంటే చిన్నది కాదు. నాలుగు టేబుళ్ళు కలిపి పరిచినా ఇంకా గిద్దలూరు దాటలేదు, మిగిలింది కిటికీ మీదుగా వేలాడదీశాం. రెండు దారుల్లోనూ ప్రతి ఎక్కుడూ ప్రతి దిగుడూ ఎర్ర సిరాతో గీశాడు. మూడు రాత్రులు నిద్రపోలేదట. కళ్ళు చూస్తే నమ్మబుద్ధి అయింది.

"ఫలితమేమి?" అన్నారు అధ్యక్షులు.

"రెండు దారులూ అనంతపురంలోనే మొదలై టెక్కలిలోనే ముగుస్తాయి సార్. కాబట్టి ఎక్కుళ్ళలోంచి దిగుళ్ళు తీసేస్తే రెండింటికీ ఒకటే అంకె వస్తోంది."

ఇది తెలుసుకోవడానికి గ్రాఫు ఎందుకని మీరు అనుకోవచ్చు. మేము అనుకోలేదు. అధ్యక్షులు సంతోషంగా తల పంకించారు.

"అనగా ఉభయ మార్గములును సమానము."

"అవును సార్."

"సమానమైనవాటిలో ఒకదానిని ఎంచుట పక్షపాతము. మనము పక్షపాతము వహింపరాదు. కావున ఆయా మార్గములందలి గ్రామముల అభిప్రాయమును సేకరింపవలెను."

నలభై మూడు గ్రామ కార్యదర్శులకు ఉత్తరాలు వెళ్ళాయి. 'మా శాఖ ఉద్యోగిని శ్రీమతి హేమావతి గారు తమ గ్రామము మీదుగా స్వంత కారునందు వెళ్ళుట తమకు సమ్మతమో కాదో వారము దినములలో తెలుపగలరు' అని. కన్వీనరు హోదాలో సంతకం నాది.

జవాబులు రావని అనుకున్నాం. ఇరవై తొమ్మిది వచ్చాయి. ఒక ఊరివాళ్ళు మేడం గారు ఎప్పుడు వస్తారో ముందుగా చెబితే బడిపిల్లలను రోడ్డు పక్కన నిలబెడతామన్నారు. ఒక ఊరివాళ్ళు తమ బోరు బావి ఎండిపోయిన విషయం మేడం దృష్టికి తేవాలనుకుంటున్నామన్నారు. ఒక సర్పంచి తమ ఊరిమీదుగానే వెళ్ళాలని తీర్మానం చేసి పంపాడు. ఆ పక్క ఊరి సర్పంచి, ఆ ఊరిమీదుగా వెళ్ళేటట్టయితే తమ ఊరి పొలిమేరలో కారు ఆగనివ్వమని తీర్మానం చేసి పంపాడు. ఇంకో చోట నుంచి, స్పీడు బ్రేకరు వేయమని పదేళ్ళుగా అడుగుతుంటే వేయనివాళ్ళు ఇప్పుడు సమ్మతి అడగడమేమిటని నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. అందులో న్యాయం ఉంది గానీ అది మా పరిధిలోది కాదు. స్పీడు బ్రేకరు ఎత్తు మూడంగుళాలు దాటదు కాబట్టి రికార్డుకెక్కదు.

ఈలోగా మార్చి పది వచ్చింది. హేమావతి గారు బయల్దేరాలనుకున్న రోజు అదే. ఆ రోజు ఆవిడ మామూలుగానే ఆఫీసుకు వచ్చి, నా టేబులు దగ్గర నిలబడింది. ఒక చేత్తో టేబులు అంచు పట్టుకుని, కుడికాలి మీద బరువు మోపకుండా నిలబడింది.

"సార్, నేను పోతాండేది కస్తూరిని చూడనీకి. ఊళ్ళకు సమ్మతమేనా అని అడగనీకి కాదు."

"సంఘం పనిలో ఉందమ్మా."

"పోనీ ఆ ఫారం ఇట్లియ్యండి. తగు మార్గమున అనే రాస్తా. నాది తప్పయింది."

ఆవిడ తప్పు ఏమీ లేదని నాకు తెలుసు. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది. "ఒకసారి సంఘం పరిధిలోకి వెళ్ళిన గడిని దరఖాస్తుదారు నింపడానికి వీల్లేదమ్మా."

ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆవిడ వెళ్ళి తన కుర్చీలో కూర్చుని మోకాలికి పట్టీ బిగించుకుంది. ఫోను తీసి, "ఈ వారం కాదు కస్తూరీ. సంఘం కూచున్నాది" అని మెల్లగా చెప్పింది. అవతల కస్తూరికి ఏ సంఘమో అర్థమై ఉండదు.

రెండో సమావేశంలో అధ్యక్షులు దరఖాస్తును మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఎవరూ చూడని సంగతిని చూడడం ఆయనకు అలవాటు.

"ఇచట 'ఒంటరిగా' అని వ్రాసినారు. ఒంటరిగా వెళ్ళుచున్నట్లు ఆధారమేమి?"

నేను తటపటాయించాను. "ఆవిడే రాసింది సార్."

"తన ఒంటరితనమును తానే ధ్రువీకరించుకొనుట చెల్లదు. రేపు దారిలో ఎవరినైనా ఎక్కించుకొన్నచో శాఖ అసత్యమునకు అనుమతి ఇచ్చినట్లు కాదా? కావున ఆమె ఒంటరిగా ఉన్నదని ధ్రువపరచుటకు ఇద్దరు అధికారులు వెంట వెళ్ళవలెను."

హేమావతి గారిని పిలిపించి చెప్పారు. "ఇద్దరు ఎక్కినాక నేను ఒంటరి ఎట్లయితా సార్?" అంది ఆవిడ.

"వారు ప్రయాణికులు కారమ్మా. సాక్షులు. సాక్షి సంఖ్యలోనికి రాడు."

ఇంత స్పష్టమైన నిర్వచనం మా శాఖలో అంతకు ముందు లేదు. నేను వెంటనే రాసుకున్నాను. సాక్షులకు నియమాలు కూడా రాశాం. ప్రయాణికురాలితో మాట్లాడరాదు. ఆమె ఆహారము పంచుకొనరాదు. ఆమె దగ్గినచో పట్టించుకొనరాదు. వీలయినంతవరకు లేనట్లు కూర్చొనవలెను. సాక్షులు ఎవరంటే నేను, సుదర్శనం.

సంతకాలన్నీ అయ్యేసరికి మార్చి పంతొమ్మిది సాయంత్రం. ఇరవైన బయల్దేరితే ఆపరేషనుకు ఎనిమిది రోజులు. హేమావతి గారు వేళ్ళమీద లెక్క చూసుకుంది. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు. ఒక రోజు ముందు ఆసుపత్రిలో చేరాలి. కస్తూరితో మూడు రోజులు గడపొచ్చు. ఆ లెక్కతో మొహం కొంచెం తేటపడింది.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆఫీసు ముందు కారుకు పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ అధ్యక్షులే కొట్టారు. ఫక్రుద్దీన్ నాలుగు టైర్లలో గాలి చూసి, అద్దం తుడిచి, "నిమ్మళంగా పో మేడం" అన్నాడు. అధ్యక్షులు నా చేతికి సీలు వేసిన కవరు ఇచ్చారు.

"దీనిని గుత్తి వద్ద, మార్గములు చీలు స్థలమున మాత్రమే తెరువవలెను."

సుదర్శనం లెవెలింగు పరికరం కూడా తెచ్చాడు. ఎందుకని అడిగితే, "ఏడేళ్ళకు ఇప్పుడు బయటికి తీసినా సార్, వద్దనొద్దు" అన్నాడు. దాని మూడుకాళ్ళ స్టాండు చిన్న కారులో పట్టక ఒక కాలు కిటికీలోంచి బయటికి పొడుచుకు వచ్చింది. వెనక సీటులో అతను, నేను, మధ్యలో నా టిఫిను క్యారియరు. ముందు సీటు ఖాళీగా ఉంచాం. ఒంటరితనం చూడగానే కనబడాలి కదా.

ఆవిడ బండి నడుపుతుండగా నేను దగ్గరి నుంచి చూడడం అదే మొదటిసారి. ఆఫీసులో ఫైలు అందుకోవడానికి ఆయాసపడే మనిషి, స్టీరింగు పట్టుకోగానే భుజాలు దించి తీరిగ్గా కూర్చుంది. లారీ హారను కొడితే ఒక పక్కకు జరిగి పోనిచ్చింది. మేకల మంద అడ్డొస్తే ఆగి, చివరి మేక దాటేదాకా చూసి కదిలింది. ఎక్కడా తొందర లేదు, బెదురు లేదు. కానీ బ్రేకు తొక్కినప్పుడల్లా పెదవి బిగబట్టడం అద్దంలో నాకు కనిపిస్తూనే ఉంది. స్పీడు బ్రేకరు దాటాక చెయ్యి దించి మోకాలు ఒత్తుకునేది. పలకరించాలనిపించింది. నేను లేనట్టు కూర్చోవాలి కాబట్టి కూర్చున్నాను.

దారిలో ఒక చోట పోలీసులు బండ్లు ఆపి చూస్తున్నారు. కానిస్టేబులు కిటికీలోకి వంగాడు.

"ఎంతమంది పోతాండారు?"

"ఒకరే" అన్నాడు సుదర్శనం.

కానిస్టేబులు అతన్ని చూశాడు, నన్ను చూశాడు, టిఫిను క్యారియరును చూశాడు. హేమావతి గారు మా ఉత్తర్వు కాగితం అందించింది. అతను దాన్ని నిలబడి పూర్తిగా చదివాడు. చదివి, నిట్టూర్చి, "పోనీండి" అని దారి ఇచ్చాడు. అతనూ ప్రభుత్వోద్యోగే. అర్థం చేసుకున్నాడు.

ఎనిమిది కాకముందే గుత్తి చేరాం. దారులు చీలే చోట ఒక టీ బంకు ఉంది. ముందు కొబ్బరాకుల పందిరి, రెండు బల్లలు. కారు పక్కకు ఆపి ముగ్గురం దిగాం. ఎడంచేతి వైపు కర్నూలు రోడ్డు, కుడివైపు తాడిపత్రి రోడ్డు. హేమావతి గారు రెండింటినీ మార్చి మార్చి చూసింది. పండగ బజారులో చీరలు చూస్తున్న మనిషి మొహంలా ఉంది ఆ మొహం. అది చూసి నాకూ సంతోషమేసింది. నేను కవరు చించాను.

చదివేకొద్దీ నా గొంతు తగ్గిపోయింది. 'ఉభయ మార్గములును సమానము కావున, మొదట తాడిపత్రి మార్గమున గిద్దలూరు వరకు వెళ్ళి గుత్తికి తిరిగి రావలెను. పిదప కర్నూలు మార్గమున హైదరాబాదు వరకు వెళ్ళి గుత్తికి తిరిగి రావలెను. ఇట్లు నాలుగు దినములు స్వయముగా పోల్చి చూచిన పిమ్మట నివేదిక పంపవలెను. సంఘము మూడవ సమావేశమున మార్గమును నిర్ణయించును.'

బంకు ముసలాయన టీ గ్లాసులు బల్లమీద పెట్టి వెళ్ళాడు. హేమావతి గారు బల్లమీద కూర్చుని మళ్ళీ వేళ్ళమీద లెక్క చూసుకుంది. నాలుగు రోజులు ఇక్కడే పోతాయి. తర్వాత సంఘం. అన్నీ సవ్యంగా జరిగినా, కస్తూరి ఇంటి గేటు ముట్టుకుని అట్నుంచి అటే వెనక్కి తిరగాలి.

"అంతేలే" అంది మెల్లగా. చున్నీ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. పదకొండేళ్ళలో ఆవిడ కళ్ళు ఒత్తుకోవడం నేను చూడలేదు. బదిలీ వచ్చి రద్దయినప్పుడు కూడా చూడలేదు. ఒక గడిలో నిజం రాసిన పాపానికి మనిషిని ఇంత దూరం తెచ్చి నిలబెట్టానే అని నామీద నాకే కోపం వచ్చింది.

టీ మొత్తం తాగాక ఆవిడ గ్లాసు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. అప్పటికి గొంతు మామూలుగానే ఉంది.

"సార్, మీరు సంతకం పెట్టాల్సింది దేనికి?"

"మీరు ఒంటరిగా ప్రయాణం చేశారని."

"మీరు అబద్ధం రాసి సంతకం పెడ్తారా?"

"ముప్పై ఒక్క ఏళ్ళలో పెట్టలేదమ్మా."

"మరి ఇంతవరకూ కారులో ముగ్గురం వచ్చినాం కదా. సాక్షి సంఖ్యలోకి రాడంటారు, సరే. కానీ నేను ఒంటరిగా పోతాంటే మీ కంటికి ఎట్ల కనపడల్ల? లోపల కూచుంటే మీరు మీకే కనపడ్తారు. బయట నిలబడి చూస్తేనే కదా నేను ఒక్కదాన్నే అని తెలిసేది."

నేను సుదర్శనం వైపు చూశాను. సుదర్శనం నా వైపు చూశాడు. ఇంత గట్టి పాయింటు మా శాఖలో ఎవరూ లేవనెత్తలేదు. అతను ఉత్తర్వు తీసి చదివాడు.

"'వెంట వెళ్ళవలెను' అని ఉంది సార్. లోపల కూర్చోవలెను అని లేదు."

"వెంట అంటే ఎంత దూరం?"

"మన సర్వే మాన్యువల్ ప్రకారం కనుచూపు మేర వరకూ వెంటే సార్."

"మరి ఈ కవరు?" అన్నాను, భయంగానే.

హేమావతి గారు చెయ్యి చాపి కవరు తీసుకుని పైన రాసింది చదివింది. "ఇది సాక్షులకు రాసినారు సార్. పోయి రావాల్సిందీ, పోల్చి చూడాల్సిందీ మీరే. నా పేరు యాడా లేదు."

నిజమే. ఎక్కడా లేదు. కవరు మీద 'సాక్షులకు' అని మాత్రమే ఉంది.

సుదర్శనం అప్పటికే కిటికీలోంచి స్టాండు లాగేసి రోడ్డు పక్కన మూడు కాళ్ళూ విప్పి నిలబెడుతున్నాడు. కనుచూపు మేరను శాస్త్రీయంగా కొలుస్తానన్నాడు. పరికరం బిగించి, దాని మీది గాజు గొట్టంలో బుడగ మధ్యకు వచ్చేదాకా మరలు తిప్పుతూ కూర్చున్నాడు. బుడగ మధ్యకు రాకుండా అందులోంచి చూడడం వాళ్ళ వృత్తిలో మహాపరాధం.

నేను టిఫిను క్యారియరు తీసి కారులో ఖాళీగా ఉన్న ముందు సీటు మీద పెట్టాను. "మా ఇంటావిడ పులిహోర చేసింది. మధ్యాహ్నానికి బాగుంటుంది."

"ఆహారం పంచుకోకూడదు కదా సార్."

"నేను పంచుకోవడం లేదు. మొత్తం మీకే ఇస్తున్నా."

ఆవిడ నవ్వింది. కూర్చుని, కుడికాలు చేత్తో లోపలికి సర్దుకుని, తలుపు వేసుకుంది. ఆకాశం వైపు ఒకసారి చూసింది. "వస్తా సార్" అని కారు కదిలించింది. చీలిక దగ్గర ఒక్క క్షణం ఆగి, దారి ఎంచుకుని వెళ్ళిపోయింది. కారులో ఆవిడ తప్ప ఎవరూ లేరు. నాకు కళ్ళు చెమర్చాయి.

"బుడగ వచ్చింది సార్" అన్నాడు సుదర్శనం. కంటితో కన్నం వెతుక్కుని కర్నూలు వైపు తిప్పాడు, తాడిపత్రి వైపు తిప్పాడు. "ఏదీ, కారేదీ?"

"వెళ్ళింది. ఒంటరిగా వెళ్ళింది. నేను కళ్ళారా చూశాను" అని అక్కడే బల్లమీద ధ్రువపత్రం రాసి సంతకం పెట్టాను. నా సర్వీసులో అంత నిశ్చింతగా ఇంకే కాగితం మీదా సంతకం పెట్టలేదు.

తర్వాత ఉత్తర్వు ప్రకారం మేమిద్దరం గిద్దలూరు వెళ్ళి వచ్చాం, హైదరాబాదు వెళ్ళి వచ్చాం. పల్లె బస్సుల్లో, ఆ మూడుకాళ్ళ స్టాండు ఒళ్ళో పెట్టుకుని, నాలుగు రోజులు. నివేదికలో రెండు మార్గములును సమానమే అని రాశాం. నడుము నొప్పి కూడా రెండింటిలోనూ సమానమే.

మూడో సమావేశంలో అధ్యక్షులు ధ్రువపత్రం చదివి మురిసిపోయారు. శాఖ చరిత్రలో ఇంత నిష్కర్షగా ఒంటరితనమును నిరూపించిన పత్రము లేదన్నారు. 'ఇకపై ఒంటరి ప్రయాణములందు సాక్షులు మార్గములు చీలు స్థలమున తప్పనిసరిగా దిగిపోవలెను' అని సర్క్యులరు వచ్చింది. మా ఆఫీసులో ఇప్పుడు ఎవరు ఊరికి వెళ్ళినా ఇద్దరు సాక్షులు ఊరి చివరి దాకా వెళ్ళి, దిగి, టీ తాగి వస్తారు. అందరికీ ఇది నచ్చింది.

హేమావతి గారు బయల్దేరిన మర్నాడు, అంటే మేము ఇంకా కర్నూలు దారి మొహం కూడా చూడని రోజున, సాయంత్రం టెక్కలి నుంచి ఫోను చేసింది. వెనకాల ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. ఫోను లాక్కుని ఆ నవ్వే గొంతే మాట్లాడింది. "ఏటి బాబూ, మా హేమని ఇన్నాళ్ళు అట్టే పెట్టీసినారు? గేటు కాడ నిలబడి నిలబడి నాకు కాళ్ళు పీకేసినాయి."

"తప్పయిందమ్మా" అన్నాను. ఉద్యోగంలో చేరాక ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక ప్రాణం తేలికపడింది.

మూడు రోజులూ వాళ్ళిద్దరూ ఏం చేశారో నాకు తెలియదు. ఆపరేషను బాగానే జరిగింది. మళ్ళీ ఎప్పుడు నడుపుతుందో డాక్టరు ఇంకా చెప్పలేదు.

ఏ దారిన వెళ్ళిందని మా వాళ్ళు ఇప్పటికీ నన్ను పీకుతుంటారు. క్యాషియరు అడుగుతాడు, టైపిస్టు అడుగుతుంది. అధ్యక్షులు నివేదికకు అనుబంధంగా ఉంటుందని రెండుసార్లు అడిగారు. పంచాయతీల నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. నేను చూడలేదనే చెబుతున్నాను. నా మొదటి అబద్ధం ఇది. అయినా నిద్ర బాగానే పడుతోంది.

మీకు కూడా చెప్పను. రేపు మీలో ఎవరు ఏ సంఘానికి అధ్యక్షులవుతారో నాకేం తెలుసు. రెండు దారుల ముందు ఆగి, ఎవరినీ అడగకుండా, ఒక మనిషి తనకు నచ్చిన వైపు బండి తిప్పింది. అది ఏ వైపో ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. చాలు.